పురుగు సాక్షిగా

సంచీలో ఏది ముందు పెట్టాలో, ఏది తర్వాత పెట్టాలో నాకు బాగా తెలుసు. అడుగున కాచి, చల్లార్చి, వడగట్టిన నీళ్ల సీసాలు. వాటి మీద ఉప్పునీళ్లలో కడిగి, నీడన ఆరబెట్టి, అనుమానం వచ్చి మళ్లీ కడిగిన కూరగాయలు. అన్నిటికంటే పైన, గాలి ఆడేలా, ఒక ఆకుకూర కట్ట. ఆ కట్టలో ఒక పచ్చ పురుగు. అది ప్రాణంతో ఉందో లేదో వేలితో తాకి చూశాను. కదిలింది. అప్పుడు సంచీ మూతి రెండు ముళ్లు వేసి కట్టాను.

ప్రయాణం నాది కాదు, మా ఆడపడుచుది. పిలుపు మంత్రిగారిది. ఆయన ప్రకటన ఆ ఉదయమే పేపర్లో మొదటి పేజీ నిండా పడింది. "మా ప్రభుత్వం ఉండగా ఏ పౌరుడూ తిండి వల్ల చనిపోవడానికి వీల్లేదు. శుద్ధాహార ఉద్యమంతో ప్రతి ఒక్కరినీ నూరేళ్లు బతికించి తీరతాం. ఎవరు అడ్డొచ్చినా సహించం!" మనం నూరేళ్లు బతకడానికి అడ్డొచ్చేది ఎవరో ప్రకటనలో లేదు. ప్రతిపక్షం అయి ఉంటుంది.

"మూడు రోజులకే కదా వదినా నేను వెళ్లేది? ఈ సంచీ చూస్తే ఇల్లు ఖాళీ చేసినట్టుంది," అంది మా ఆడపడుచు.

"అక్కడ ఏం పెడతారో ఏమో."

"మంత్రిగారి గెస్ట్‌హౌస్. నాకేమైనా అయితే వాళ్ల పరువే పోతుంది. భయపడకు."

"మూడు రోజుల్లో వచ్చేస్తావుగా?"

ఆమె గొంతు సవరించుకుంది. "మీ ఆడపడుచు మరి కొద్దిసేపట్లో తిరిగి వచ్చును. దయచేసి వేచి ఉండగలరు," అంది.

ఆమె ముప్ఫై ఏళ్లు బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు ప్రకటించింది. ఆ గొంతులో ఏదో మహిమ ఉంది. ఎక్కడో చెడిపోయి ఆగిపోయిన బస్సు కూడా ఆమె చెబితే వచ్చేస్తున్నట్టే ఉండేది. జనం లేవబోయి మళ్లీ కూర్చునేవారట.

ఈ ఉద్యమం ఎలా పుట్టిందో ప్రభుత్వం ఒక రంగుల పుస్తకం వేసింది. అందులో నా ఊసు లేదు. మంత్రిగారి ఫొటోలకే చోటు చాలక అలా జరిగి ఉంటుంది. కాబట్టి పాఠకులకు నేనే మనవి చేసుకుంటున్నాను.

నేను బడికి వెళ్లినదాన్ని కాను. కొట్టు నుంచి సరుకులు కట్టుకొచ్చిన పొట్లాల కాగితాలు విప్పి, కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. అందుచేత నా ఆరోగ్య విజ్ఞానమంతా సగంలో చిరిగి ఉంటుంది. "వంకాయలు తరచుగా తినేవారిలో" అన్నంతవరకే ఒక కాగితం చెప్పింది. తర్వాత వాళ్లకి ఏమైందో నాకు తెలియదు. తెలియదు కనకే భయపడి వంకాయ మానేశాం. "పాలు తాగిన కొన్ని గంటలకే" అని ఒక ముక్క, "నిపుణులు దిగ్భ్రాంతి చెందారు" అని ఇంకో ముక్క దొరికాయి. రెండూ ఒకే వార్తవి కాకపోవచ్చు. అయినా ఎందుకొచ్చిన గొడవ అని పాలూ మానేశాం. అచ్చు సిరా ఒంటికి మంచిది కాదని ఒక పొట్లం మీదే చదివి, చివరికి పొట్లాలు కూడా మానేశాం.

ఇదంతా నాకు సరదా కాదు. మా ఆయన ఒక ఉదయం కూర బావుందని మారు వడ్డించుకుని తిని, చెప్పులేసుకుని పనికి వెళ్లారు. మధ్యాహ్నం మనిషికి బదులు కబురొచ్చింది. గుండె అన్నారు డాక్టర్లు. నేను కూర అనుకున్నాను. గుండెను కడగలేం, కూరను కడగొచ్చు. అప్పటినుంచి కడుగుతున్నాను. ఇంట్లో మిగిలింది ఆయన చెల్లెలు ఒక్కతే. పెళ్లి వద్దనుకుని మాతోనే ఉండిపోయిన మనిషి. ఆమెనైనా పోగొట్టుకోకూడదని ఆమె తినే ప్రతి ఆకూ వెలుతురుకి పట్టి చూస్తాను.

చూసేది పురుగు కోసం. కూర నిగనిగలాడుతుంటే నాకు గుండె దడ. పురుగు కొరికిన ఆకు కనిపిస్తే ధైర్యం. అది తిని బతికి ఉందంటే, ఆ ఆకు మీద మందు కొట్టలేదన్నమాట. పురుగు లేని కట్ట మా గడప తొక్కదు.

"అది తినగా మిగిలింది మనం తింటున్నాం. అంటే ఈ ఇంటికి పెద్ద అది," అనేది మా ఆడపడుచు.

ఇలా ఉండగా ఒక సాయంత్రం మా వీధి పార్టీ కార్యకర్త ఆహార శాఖ డైరెక్టరుగారిని వెంటబెట్టుకొచ్చాడు. కార్యకర్తను అందరూ జెండా అంటారు. ఏ పార్టీ గెలిస్తే ఆ పార్టీ జెండా అతని భుజం మీద ఉంటుంది. ఇన్నేళ్లలో భుజం మాత్రం మార్చలేదు. అంత నిలకడ గల మనిషి.

"ఉద్యమానికి ఒక ఆదర్శ వృద్ధురాలు కావాలమ్మా," అన్నారు డైరెక్టరుగారు. "డెబ్భై దాటి ఉండాలి. శుద్ధాహారం మీదే బతుకుతూ ఉండాలి. ఫొటోలో బాగా రావాలి."

నేను జుట్టు సవరించుకుని వెలుతురులోకి వచ్చి నిలబడ్డాను. డైరెక్టరుగారు నన్ను పైనుంచి కిందికి చూశారు. జెండా చెవి దగ్గరికి వంగారు.

"ఆవిడకి ఒంట్లో బాలేదా?"

"అదేం లేదు సార్. ఆ తిండి తినేది ఈవిడే."

"అందుకే అడుగుతున్నా."

అప్పుడే మా ఆడపడుచు నడక ముగించుకుని వచ్చింది. ఆమె రోజూ సాయంత్రం వీధి చివరిదాకా నడుస్తుంది. వెళ్లేటప్పుడు డీలాగా వెళ్లి, వచ్చేటప్పుడు కళకళలాడుతూ వస్తుంది. నడకలో ఎంత గుణం ఉందో నేను ఆమెను చూసే తెలుసుకున్నాను. వీధి చివర మూకుడాయన బండి ఒకటి ఉండేది. పెద్ద ఇనప మూకుడులో నూనె కాచి ఏవేవో వేయించి అమ్మేవాడు. ఆ పొగకి జడిసి నేను అటు తొంగి చూసేదాన్ని కాదు.

డైరెక్టరుగారి కళ్లు వెలిగాయి. "ఏమ్మా, ఇంత ఆరోగ్యంగా ఉన్నారు, ఏమిటి రహస్యం?"

ఆమె రుమాలుతో మూతి తుడుచుకుంది. వేళ్లు కూడా తుడుచుకుంది. "అంతా మా వదినేనండీ."

"ఏం పెడతారు?"

"పురుగు తినగా మిగిలింది."

డైరెక్టరుగారి కలం ఆగిపోయింది. నేను ముందుకొచ్చి పురుగు సిద్ధాంతం మొదటినుంచీ వివరించాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"అమ్మా! కూరగాయల్ని పరీక్షించే యంత్రాలు కొందామని ఎన్నాళ్లనుంచో ఫైలు తిరుగుతోంది. మీరు పురుగుతో తేల్చేశారు! దానికి జీతం అక్కర్లేదు. పెన్షన్ అక్కర్లేదు. బదిలీ చేయమని ఎవరిచేతా ఫోన్ చేయించదు."

"మరి లంచం సార్?" అన్నాడు జెండా, అలవాటు కొద్దీ.

"ఆకే తింటుందయ్యా."

వారం తిరక్కుండా మంత్రిగారు స్వయంగా మా ఇంటికి వచ్చారు. ముందు గదిలో ఆయన, గుమ్మంలో కెమెరాలు, వంటగదిలో నేను. ఆయన మా ఆడపడుచు చేతికి ఒక కాగితం ఇచ్చి చదవమన్నారు. ఆమె చదివింది. "ఆదర్శ పౌరులకు విజ్ఞప్తి. నా ఆరోగ్యానికి కారణం శుద్ధాహారం. మీ ఆరోగ్యం కూడా మరి కొద్దిసేపట్లో రాగలదు."

చివరి వాక్యం కాగితంలో లేదట. దాంతోనే ఆయన కరిగిపోయారు.

"నేనే నమ్మేశాను! ఇలా చెప్పడం ఎక్కడ నేర్చుకున్నారమ్మా?"

"రాని బస్సులు వస్తాయని ముప్ఫై ఏళ్లు చెప్పానండీ."

"జనం తిట్టేవారు కాదా?"

"డ్రైవర్ని తిట్టేవారండీ. నన్నెప్పుడూ ఏమీ అనలేదు."

మంత్రిగారు చాలాసేపు ఆమె వైపు గౌరవంగా చూస్తూ ఉండిపోయారు. ఇన్నేళ్ల రాజకీయంలో తమకు దొరకని సంగతేదో దొరికినట్టు కనబడ్డారు.

ఉత్తర్వు వెలువడింది. పురుగు సాక్ష్యం లేని ఆకుకూర అమ్మకూడదు. మర్నాడు మా వీధికి వచ్చే కూరలమ్మ గంప దించి నా మీద విరుచుకుపడింది.

"పురుగుల్ని ఎక్కడినుంచి తేనమ్మా? మందులు కొట్టి కొట్టి ఎప్పుడో చంపేశాం కదా! నువ్వు చెప్పబట్టే వచ్చిందట ఈ చావు."

పురుగుల కొరత గురించి పేపర్లు రాశాయి. ప్రభుత్వం కళ్లు మూసుకుని కూర్చునేది కాదు. వెంటనే ఉత్తర్వు సవరించింది. పురుగు స్వయంగా హాజరు కానక్కర్లేదు, ఆకుకి రంధ్రం ఉంటే చాలు.

అంతే, బజారంతా రంధ్రాల ఆకుకూరలే! ప్రభుత్వ ముద్ర వేసిన కట్ట ఒకటి కొని తెచ్చి వెలుతురుకి పట్టాను. నా కళ్లను నేనే నమ్మలేకపోయాను. ప్రతి ఆకుకీ రెండేసి రంధ్రాలు. గుండ్రంగా, ఒకే కొలతలో, అంచుకి సమాన దూరంలో. ఇంటి పురుగు ఇష్టం వచ్చినట్టు కొరుకుతుంది. సర్కారు పురుగుకి ఎంత క్రమశిక్షణ!

మా ఆడపడుచు ఆకుని కన్నుకి ఆనించి, రంధ్రంలోంచి నన్ను చూసింది. "వదినా, ఈ పురుగు ఆఫీసులో ఫైళ్లకి బొక్కలు కొట్టే సీట్లో పనిచేస్తున్నట్టుంది."

"ఎగతాళి చేయకు. ప్రభుత్వం ఊరికే ముద్ర వేస్తుందా?" అని, భక్తిగా వండాను. ఆమె రెండు ముద్దలు తిని నడకకి వెళ్లింది.

ఆ తర్వాతే రాజధానిలో మహాసభ అని, మూడు రోజులు రమ్మని పిలుపు వచ్చింది. అందుకే ఈ సంచీ. అసలైన పురుగు ఉన్న కట్ట కోసం నేను తిరగని తోట లేదు.

బుధవారం ఉదయం జీపు వచ్చింది. మా ఆడపడుచు ఎక్కి కూర్చుని, సంచీ ఒళ్లో పెట్టుకుని, కాస్త ఆలోచించి కాళ్ల దగ్గర పెట్టుకుంది.

"వదినా, నేను లేనప్పుడు నువ్వు కూడా ఏదైనా తిను," అంది.

వీధి మలుపు దగ్గర జీపు కాసేపు ఆగింది. నాకు చెయ్యి ఊపడానికి ఆగిందనుకుని నేను చాలాసేపు ఊపాను.

మహాసభ గురించి పాఠకులు చదివే ఉంటారు. లక్షల జనం. ఆమె మాట్లాడుతుంటే లేవబోయినవాళ్లు మళ్లీ కూర్చున్నారట. అక్కడికక్కడే ఆమెను శుద్ధాహార మండలి అధ్యక్షురాలిని చేశారు. మూడు రోజులు గడిచాక ఫోన్ వచ్చింది.

"వదినా, మరి కొద్దిసేపట్లో బయలుదేరుతున్నాను."

"ఒంట్లో ఎలా ఉంది? ఏం పెడుతున్నారు?"

అవతలినుంచి కరకరమని చప్పుడు వచ్చింది. లైను బాగాలేదనుకున్నాను.

తర్వాతి వారం జీపు మళ్లీ వచ్చింది. నేను చెయ్యి తుడుచుకుంటూ బయటికి పరుగెత్తాను. దిగింది డ్రైవరు ఒక్కడే, చేతిలో నా సంచీతో.

"మేడమ్‌గారు ఇచ్చెయ్యమన్నారండీ. గదిలో అడ్డంగా ఉందట."

నేను వేసిన రెండు ముళ్లూ అలాగే ఉన్నాయి. లోపల కూరగాయలు వాడిపోయాయి. ఆకుకూర కట్టలో కాడలే మిగిలాయి. కాడల మధ్య పురుగు, బాగా ఒళ్లు చేసి, కదల్లేక పడుకుని ఉంది. నా చేతి తిండికి ఒళ్లు చేసిన ప్రాణిని అదే మొదటిసారి చూడటం. అంత సంతోషం పట్టలేక అక్కడే గుమ్మంలో కూలబడ్డాను.

పేపర్లో మాత్రం మా ఆడపడుచు ఫొటో వారం వారం వచ్చేది. ప్రతి ఫొటోకీ బుగ్గలు నిండుతున్నాయి. ఉద్యమం ఫలిస్తోందని సంపాదకీయం రాశారు. అది చదివిన రోజే, ఫోన్లో విన్న కరకర గుర్తొచ్చి, నేను ఫోన్ చేశాను.

"ఇంటికి వచ్చెయ్. నీకు వేయించినవి పెడతాను," అన్నాను.

అవతల కరకర చప్పుడు ఆగింది. "నువ్వా?"

"నేనే."

"కడిగి వేయిస్తావా? వేయించి కడుగుతావా?"

"అసలు కడగను."

"నిజంగానా వదినా? సరే, వస్తాను," అంది. మైకు గొంతుతో కాదు, ఇంట్లో మాట్లాడే గొంతుతో. అందుకే నమ్మాను.

ఇంట్లో మూకుడు లేదు. మా ఆయన చనిపోయిన ఏడాదే పారేశాను. కాబట్టి గిన్నె పట్టుకుని, ముక్కు మూసుకోకుండా, వీధి చివరికి వెళ్లాను. అక్కడ బండి లేదు. ఉన్న చోట నేల మీద నల్లటి నూనె మరక ఉంది. పక్కన కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ నా గిన్నె వైపు చూశాడు.

"మూకుడాయన కోసమా? ఎప్పుడో వెళ్లిపోయాడు కదమ్మా! మీ ఆడపడుచుగారు ఎక్కిన జీపే ఇక్కడ ఆగి, మూకుడుతో సహా ఎక్కించుకుంది. అడిగింది ఆవిడేలే. రోజూ ఈ బెంచీ మీదే కదా కూర్చునేది! ఇప్పుడు అతనికి గెస్ట్‌హౌస్‌లోనే ఉద్యోగం. శుద్ధాహార సలహాదారట. మంత్రిగారికి కూడా ఆ చేతి వంటే పడిందట, ఇంక వదులుతారా?"

ఖాళీ గిన్నెతో బెంచీ మీద కాసేపు కూర్చున్నాను. బెంచీ ఒక పక్క బాగా అరిగి, నున్నగా ఉంది.

మా ఆడపడుచు వెళ్లింది వానలు మొదలవకముందు, ఒక బుధవారం. మూకుడాయన వెళ్లిందీ ఆ బుధవారమే. ఇప్పుడు చలి కూడా వెళ్లిపోయింది. ఇద్దరూ తిరిగి రాలేదు.