వెలిగించని సిగరెట్టుకు హాజరు పడదు

మనోవ్యాధిగ్రస్తుల శ్రేయస్సు కోసం మానవజాతి ఏర్పరచుకున్న వ్యవస్థలన్నింటిలోకీ, మా ఊరి మానసిక చికిత్సాలయంలో రోగులు సిగరెట్టు కాల్చుకునే పొగవిరామమంత కచ్చితంగా నడిచేది మరొకటి లేదు. వైద్యుడు ఆలస్యంగా రావచ్చు, మందులు అసలు రాకపోవచ్చు. పది గంటలకూ నాలుగు గంటలకూ పెరటి తలుపు తెరుచుకోవడం మాత్రం నిమిషం అటూ ఇటూ కాదు. మాత్ర మింగినవారికి ఒక సిగరెట్టు, పక్క సర్దుకున్నవారికి మరొకటి. (సత్ప్రవర్తనకు బహుమానంగా ఊపిరితిత్తులను ఖర్చు చేస్తున్నారన్న ఆరోపణను యాజమాన్యం ఖండించింది. బహుమానం సిగరెట్టు మాత్రమే. ఊపిరితిత్తులు రోగి సొంతవి.)

ఇంతటి క్రమశిక్షణ నడుమ, మూడో వార్డులోని ఒక దర్జీ తాను సిగరెట్టు మానదలచినట్టు ప్రకటించాడు. మందులతో అతని మనసు చాలావరకు కుదుటపడింది, కుదుటపడనిది దగ్గు. మెట్లెక్కితే మొదటి మలుపులోనే గోడ పట్టుకుంటున్నాడు. ఇలాగే కాలిస్తే రెండేళ్లలో ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని కుట్టుమిషను ముందు కూర్చోవలసి వస్తుందని వైద్యుడు చెప్పాడు. దర్జీకి భయం వేసింది. ఆ రోజే మానేశాడు.

వార్డు పర్యవేక్షకురాలు దీనిని వ్యాధి లక్షణంగా నమోదు చేసింది. ఇరవై ఏళ్ల అలవాటును ఉన్నపళంగా వద్దనడం ఉద్రేకమేనని ఆమె అభిప్రాయం. ఆదివారం తమ్ముణ్ణి చూడవచ్చిన అక్క ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది.

"ఇన్నేళ్లకి వీడి నోటి నుంచి ఒక తెలివైన మాట వచ్చింది. దానికి కూడా మందు వేస్తారామ్మా?" అని పర్యవేక్షకురాలిని అడిగింది.

సహాయం లేకుండా మానడం కష్టమని తెలిసిన మనిషి కనుక, అక్క తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వరండాకు అవతలి వైపున్న, పొగ అలవాటు మాన్పించే పొగవిరమణ కేంద్రానికి వెళ్లింది. అక్కడ నికోటిన్ పట్టీలు ఉచితం, సలహాలు ఉచితం. అయితే దరఖాస్తులో ఏడో గడి, దరఖాస్తుదారు మనసు నిలకడగా ఉన్నదన్న ధ్రువపత్రం కోరుతుంది. కేంద్రాధికారి ఎంతో మృదువుగా మాట్లాడాడు. మనసు బాగాలేనివారికి ఉన్న సుఖం అదొక్కటేనని, దాన్ని లాక్కోవడానికి తనకు చేతులు రావని అన్నాడు. (ఆయన జాలి నిజమైనదే. సిగరెట్టు పెట్టెమీది ఆరోగ్య హెచ్చరిక జాలికి వర్తించదు.)

ధ్రువపత్రం ఇవ్వవలసినది సాంఘిక నిలకడ నమోదు అధికారి. రోగి నలుగురిలో కలుస్తున్నాడా లేదా అన్నది ఆయన హాజరు పట్టీ చూసి నిర్ణయిస్తాడు. వార్డులో నలుగురు కలిసే సందర్భం పొగవిరామం ఒక్కటే. (క్యారమ్ బోర్డు ఉన్నది. దాని స్ట్రైకరు మూడేళ్లుగా కొనుగోలు శాఖ పరిశీలనలో ఉన్నది.) విరామవేళల్లో మంచం మీద కూర్చుని తోటివారి చొక్కాలకు గుండీలు కుడుతున్న దర్జీ పేరుకు ఎదురుగా ఆ పట్టీలో "పందొమ్మిది రోజులుగా ఏకాంతవాసం" అని రాసి ఉన్నది. అందుకని మందు మోతాదు కూడా పెంచారు. పొగ మానినవారి ఒంట్లో ఆ మందు ఎక్కువగా నిలుస్తుంది కనుక తగ్గించవలసి ఉంటుందని వైద్యుడు గుర్తుచేయకపోలేదు. అయితే పెంచే ఫారం మాత్రమే అచ్చయి ఉన్నది.

మర్నాటి నుంచి దర్జీ మత్తుగా తూలుతూనే పెరట్లోకి వెళ్లి, వెలిగించని సిగరెట్టు వేళ్ల మధ్య పట్టుకుని నిలబడసాగాడు. మూడు రోజుల తరువాత నమోదు అధికారి అతన్నీ అక్కనూ పిలిపించాడు.

"వెలిగించలేదు కదయ్యా."

"నలుగురిలో నిలబడ్డాను కదా సార్. ఆ పెద్దాయన కాలరు ఎందుకు మడత పడుతోందో పావుగంట మాట్లాడుకున్నాం."

"మాట్లాడితే మాటల కిందికి వస్తుంది. ఇది పొగవిరామం. వెలిగించనివాడు ప్రేక్షకుడే. ప్రేక్షకుడికి హాజరు ఎలా వేయమంటావు?"

ఒక్కసారి సంపూర్ణంగా పాల్గొంటే గడచిన రోజులన్నీ సర్దుతానని ఆయన ఉదారంగా హామీ ఇచ్చాడు. దర్జీ అక్క వైపు చూశాడు.

"ఒక్కటే అక్కా. కాగితం కోసం."

"నాకెందుకురా చెప్తావు? నీ ఊపిరికి చెప్పుకో," అన్నది అక్క. అని, మొహం గోడవైపు తిప్పుకున్నది.

ఇరవై మూడో రోజు దర్జీ వెలిగించాడు. పట్టీలో "తిరిగి సమాజంలోకి ప్రవేశం, హర్షణీయం" అని నమోదైంది. ధ్రువపత్రం పది నిమిషాల్లో చేతికి వచ్చింది.

దానితో అక్కాతమ్ముళ్లు వరండా దాటి పొగవిరమణ కేంద్రానికి మళ్లీ వెళ్లారు. ఏడో గడి నిండింది. ఎనిమిదో గడి, దరఖాస్తుదారు గత ఇరవై నాలుగు గంటల్లో పొగ తాగాడా అని అడుగుతుంది. దర్జీ అబద్ధం చెప్పే రకం కాదు. కేంద్రాధికారి విచారంగా నిట్టూర్చి "సంకల్పబలం లేదు" అని రాసి దరఖాస్తు వెనక్కి ఇచ్చాడు.

"ముందే మానేసినవాడికి మీతో పనేముందండీ?" అని అక్క అడిగింది.

"మా విజయాలన్నీ అలాంటివాళ్లేనమ్మా," అన్నాడాయన.

అక్క పై అధికారులకు మూడు ఫిర్యాదులు రాసింది. జవాబుగా వార్షిక నివేదిక వచ్చింది. తిప్పి పంపిన దరఖాస్తులు లెక్కలోకి రావు కనుక, మానసిక వార్డుల నుంచి కేంద్రానికి ఆ ఏడాది అందిన దరఖాస్తులు సున్నా. ఈ వర్గంవారికి పొగ మానాలన్న కోరిక సహజంగానే ఉండదని దీనివల్ల శాస్త్రీయంగా రుజువైందని నివేదిక పేర్కొన్నది. ఇంతటి విలువైన సమాచారం సమకూర్చినందుకు కృతజ్ఞతగా వార్డులో తలా ఒక సిగరెట్టు పెట్టె పంచారు.

దర్జీ తన పెట్టె తీసుకోలేదు. చికిత్సకు సహకరించడం లేదని రాసి, అతన్ని ఇంటికి పంపడం నెల రోజులు వాయిదా వేశారు.