ఎనిడ్ పడిపోయిన శనివారం

ఆ శనివారం నెవిల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తన ఊరు గీవ్‌స్టన్ నుంచి గంటన్నర బండి, గంట నడక, ఆపైన తాను రెండేళ్ల కిందట కనిపెట్టిన మహావృక్షాన్ని మరోసారి కొలవడం. పక్క చెట్ల గుబురులో దాని కొస దొరక్క, ఎత్తు కొలిచే లేజరు ఒకసారి ఎనభై ఎనిమిది మీటర్లంటే మరోసారి తొంభై మూడు అనేది. పొడుగాటి చెట్లను వెతికి కొలిచే చెట్ల వేటగాళ్లు తాము కనిపెట్టినదానికి పేరు పెట్టుకుంటారు. ఎప్పుడు వెళ్లినా పైనుంచి తననే తప్పుపడుతున్నట్టు ఉండేది కనుక, నెవిల్ దానికి అత్తగారి పేరు పెట్టాడు: ఎనిడ్. ఆ సంగతి అతని నోటుపుస్తకానికి తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు.

అత్తగారు కూడా అడవికి వస్తానని వారం నుంచి అంటోంది. తీరా గుమ్మం దాటాక, "ఈ వానలో జలగల చేత కరిపించుకోవడం నా వల్ల కాదు. హోబార్ట్ పట్నంలో బౌల్స్ బంతులాట పోటీ ఉంది, అక్కడికి పోతా" అని వీధి చివర క్లబ్బు బస్సెక్కేసింది. ఆమెకు సెల్‌ఫోన్ గిట్టదు. నెవిల్ భార్య జనీన్ మాత్రం నిద్ర లేచి, అమ్మ అతనితోనే వెళ్లిందనుకుంది.

అడవిలో నెవిల్‌కు ఎనిడ్ నిలబడి కనబడలేదు. నాలుగు వందల ఏళ్ల చెట్టు రాత్రి గాలికి కూలి, లోయకు అడ్డంగా పడి ఉంది. అరగంట దాని పక్కనే చతికిలబడి ఉండిపోయాడు. తర్వాత మొద్దు మీదికెక్కితే ఫోన్‌కు కాస్త సిగ్నల్ తగిలింది. ఆ పేరు భార్యకు తెలియదన్న సంగతి ఆ దుఃఖంలో అతనికి గుర్తే లేదు.

"జనీన్! ఎనిడ్ పడిపోయింది!"

అవతల గరగరల మధ్య వెక్కిళ్లు తప్ప మాట వినబడలేదు.

"పోయింది, జనీన్. మధ్యకి రెండుగా విరిగింది. లోపలంతా ఎప్పుడో డొల్లయింది, మనకే తెలీలేదు. ఏడవకు, వయసైపోయింది కదా. ఎలాగూ కింద పడింది, ఇక టేపు పెట్టి సరిగ్గా కొలుస్తా. సాయంత్రానికి వస్తా."

సాయంత్రం ఇంటికొచ్చేసరికి వీధి పొడుగునా కార్లు. బల్ల నిండా ఇరుగుపొరుగు తెచ్చిన క్యాసరోల్ కూర గిన్నెలు, లామింగ్టన్ కేకులు, పూలు. పాస్టరు, పక్కింటి బెట్సీ, పోలీసు సార్జెంట్ కవానా, సగం ఊరు. ఒక్క చెట్టు కోసం ఇంతమందా అని నెవిల్ కళ్లు చెమర్చాయి.

"ఎంత దర్జాగా బతికింది, నెవిల్!" అని బెట్సీ కావిలించుకుంది.

"నిలబడ్డంతకాలం ఎవరికీ లొంగలేదు, బెట్సీ. పడ్డాకే కొలవనిచ్చింది."

కవానా ముందుకొచ్చింది. "ఎనిడ్ ఇప్పుడెక్కడుంది?"

"అక్కడే. అంత బరువు నేనెక్కడ మోస్తాను?"

"అడవిలో వదిలేసి వచ్చావా?"

"అలా వదిలేయడమే పద్ధతి. అక్కడే కుళ్లితే పుట్టగొడుగులొస్తాయి, పురుగులకు తిండి."

జనీన్ కెవ్వుమంది. ఆమెను ఊరడించాలని నెవిల్ తొందరపడ్డాడు. "గుర్తుగా ఒక ముక్క కోసుకొచ్చాలే. బండి వెనకుంది. ఎండబెట్టి పాలిష్ పెడితే కాఫీ బల్లకి బాగుంటుంది."

పాస్టరు చేతిలో కప్పు జారి భళ్లుమంది. కవానా చెయ్యి బేడీల మీదికి పోయింది.

అప్పుడే తలుపు తెరుచుకుంది. చేతిలో బౌల్స్ సంచితో ఎనిడ్.

"వీధంతా కార్లే! ఎవరు పోయారు?"

బెట్సీ ఆమె భుజం తడిమి చూసింది. "నువ్వే."

కవానా బండి వెనక చూసి చెక్కముక్క మోసుకొచ్చింది. నెవిల్ అందరి ముందూ నోటుపుస్తకం తెరవక తప్పలేదు. ఎనిడ్ దాన్ని లాక్కుని పైకే చదివింది. "ఎనిడ్. కింది భాగం బాగా లావు. పైన బోడి. గాలి లేకపోయినా చప్పుడు చేస్తుంది."

నెవిల్ కళ్లు మూసుకున్నాడు.

"ఎంత పొడుగు?" అంది ఎనిడ్.

"తొంభై రెండు మీటర్ల ముప్ఫై సెంటీమీటర్లు."

"ఈ లోయలో అంతకన్నా పొడుగుది ఇంకెవరి పేరు మీదైనా ఉందా?"

"లేదు."

"అయితే సరే." ఆమె లామింగ్టన్ ఒకటి అందుకుని, తన సంతాపపు కార్డులు ఒక్కొక్కటే చదువుతూ, రానివాళ్ల పేర్లు ఆరా తీయడం మొదలుపెట్టింది. అందరూ ఆమె చుట్టూ మూగారు. చెట్టు సంగతి అడిగినవాళ్లు లేరు. నెవిల్ వరండా మెట్ల మీదికి పోయి, పొద్దుటి నుంచి బిగపట్టుకున్నదంతా వెక్కివెక్కి ఏడ్చేశాడు.

కిటికీలోంచి చూసిన బెట్సీ, "పాపం, అత్తగారు తిరిగొచ్చిందని ఏడుస్తున్నాడు" అని అందరికీ చెప్పింది.