నెప్ట్యూన్ మీద పల్చటి పూత

ఆ ఉదయం వెర్నన్ సడౌస్కీ అనుకున్న పని చిన్నదే. టెలిస్కోపు ఆఫీసు ముందు హాల్లో వేలాడే రెండు గోళాలకు పదకొండుకల్లా రంగు వేసెయ్యాలి. యురేనస్‌కు ఆకుపచ్చ కలిసిన లేత నీలం, వెలిసిపోయిన నెప్ట్యూన్‌కు మళ్ళీ ముదురు నీలం. తర్వాత ఇంటికెళ్ళి బేస్‌బాల్ చూసుకోవాలి. కిందటిసారి, కింది సగంలో ఉండాల్సిన గురుగ్రహం మచ్చను పై సగంలో వేసినందుకు, ఇంకో తప్పు జరిగితే ఈ గుమ్మం తొక్కనివ్వమని చెప్పేశారు. ఎనిమిదో క్లాసులో బడి మానేసినవాడికి, యాభై నాలుగేళ్ళ వయసులో, బాల్టిమోర్‌లో ఇంకో గుమ్మం దొరకడం తేలిక కాదు.

యురేనస్ అయిపోయింది. నీలం డబ్బా మూత తీస్తే రంగు రాయిలా గడ్డకట్టి ఉంది. హాలు పనులు చూసే లొరెట్టాకు ఫోన్ చేశాడు.

"నీలం ఎండిపోయింది. లేత రంగు అడుగున కాస్త ఉంది. ఏం చెయ్యమంటావు?"

లొరెట్టా ఫోను చెవిన పెట్టుకునే, ఆ రోజు ఉపన్యాసం తర్వాతి విందుకు కేకులు తెచ్చిన బేకరీ మనిషితో మాట్లాడుతోంది. "రెండిటికీ అదే పుయ్యి నాయనా. చాలకపోతే రెండోదానికి పల్చగా లాగించెయ్. ఎవడు చూడొచ్చాడు?"

ఇంత సూటిగా ఆ ఆఫీసులో వెర్నన్‌తో ఎవరూ మాట్లాడి ఎరగరు. అలాగే లాగించేశాడు. నెప్ట్యూన్ పూత కిందనుంచి పాత నీలం కాస్త తొంగిచూస్తోంది. పెద్దల మాటకు అడ్డుచెప్పి బాగుపడింది లేదు కదా అనుకుని నిచ్చెన దిగాడు.

గేటు గార్డు క్లైవ్ వచ్చి పైకి చూశాడు. "నెప్ట్యూన్ ఏదోయ్?"

"అదిగో."

"అది యురేనస్."

"యురేనస్ ఇటుది."

"మరి అదేంటి?"

"రెండోది."

క్లైవ్‌కు విషయం అర్థమైపోయింది. నెప్ట్యూన్‌ను ఎవరో ఎత్తుకుపోయి రెండో యురేనస్‌ను తగిలించారు. వెంటనే పైకి కబురు పెట్టి తలుపులు మూయించాడు. గుండ్రటి పెట్టెలతో ఎదురైన బేకరీ మనిషిని నిలబెట్టి, రెండు కేకులూ విప్పించాడు. బయట అరవైమంది అతిథులు వానలో తడుస్తున్నారు.

లొరెట్టా పరుగున వచ్చింది. "నేను చెప్పింది కేకు మీద క్రీము సంగతి! నీలానికీ లేతకీ తేడా తెలియడానిక్కూడా కాలేజీ కావాలా నీకు?"

వెర్నన్ నిచ్చెన మడిచాడు.

తలుపులు తీశాక మొదట లోపలికొచ్చింది ఆనాటి వక్త, డాక్టర్ ఓర్లా ఫెన్విక్. జుట్టు నుంచి నీళ్ళు కారుతుంటే గోళాల కింద చాలాసేపు నిలబడిపోయింది.

"ఇవి వేసిందెవరు?"

"నేనే మేడమ్. వెళ్ళిపోతున్నా."

"ఆగండి. మబ్బులు తేటగా కనబడాలని అప్పట్లో వ్యోమనౌక తీసిన నెప్ట్యూన్ ఫొటోలో నీలం పెంచారు. పెంచామని కింద రాశారు కూడా. ఫొటో మిగిలింది, ఆ రాత పోయింది. అంతరిక్ష టెలిస్కోపుతో సరిచూస్తే ఈ మంచు గ్రహాలు రెండూ ఇంచుమించు ఒకే రంగు. యురేనస్ మీద మసక పొర దళసరి. నెప్ట్యూన్ మీద పల్చన, అందుకే అది పిసరంత నీలం. గంటసేపు నేను చెప్పబోయేది ఇదే. మీరు బ్రష్షుతో చెప్పేశారు."

వెర్నన్ పైకి చూశాడు. కింది రాత చెరిగిపోయి పై రంగే మిగలడమంటే ఏమిటో అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు. బడి ఎందుకు మానేశావని ఇన్నేళ్ళలో అతన్ని ఎవరూ అడగలేదు.

ఫెన్విక్ కాగితం తీసింది. "ఈ రంగు పేరేమిటి?"

"మూడో అంతస్తు మగవాళ్ళ బాత్రూమ్, మేడమ్. అక్కడ వెయ్యగా మిగిలింది."

ఆవిడ నవ్వలేదు. రాసుకుంది.

వారం తిరక్కుండా వెర్నన్‌ను మళ్ళీ పిలిచారు. బాత్రూమ్ రంగు మార్చాలట. లోపలికెళ్ళిన శాస్త్రవేత్తలు గోడ చూస్తూ బయటికి రావడం లేదు.