గోతిలో ఏనుగుపిల్ల, గొంతులో ఫోనిక్స్

ఫోనిక్స్ అనే మహత్తర విద్య మా ఇంట్లో కాలుపెట్టిన నాటినుంచి నా బతుకు మూడు పువ్వులు ఆరు కాయలుగా ఉందని పాఠకులకు మనవి చేసుకుంటున్నాను. నమ్మరా? మనవలకు కథలు చదివి గొంతు ఎండబెట్టుకుంటున్న తాతలెవరైనా ఉంటే ఇలా వచ్చి కూర్చోండి.

మా మనవరాలికి ఐదో ఏడు. నోరు మూతపడదు కనుక ఇంట్లో పిచ్చుక అంటాం. మొన్నమొన్నటిదాకా సాయంత్రం కాగానే బొమ్మల పుస్తకం ఒకటి తెచ్చి నా ఒళ్లో పడేసేది. చదివి పెడితే ఊరుకుంటుందా? పులికి జలుబు చేస్తే ఎవరు మందేస్తారు, కుందేలు వాళ్లమ్మ ఏ ఆఫీసుకెళ్లింది అంటూ ప్రాణం తోడేసేది. పగవాడికి కూడా వద్దు ఆ కష్టం.

దేవుడు నా మొర ఆలకించాడు. మా కోడలు పిచ్చుకను, అక్షరాల శబ్దాలు కలిపి ఇంగ్లీషు చదవడం నేర్పే ఫోనిక్స్ క్లాసులో చేర్పించింది. పిల్లను మాత్రమే అనుకునేరు, పేరెంట్ వర్క్‌షాప్ అని మా అబ్బాయిని కూడా. ఆఫీసులో పదిమందిని హడలెత్తించే మనిషి, పొద్దున్నే అద్దం ముందు నిలబడి పెదాలు సున్నాలా చుట్టి, నాలుక పళ్లమధ్య ఇరికించి, గాలి వదులుతుంటాడు. ఇక పిల్ల సంగతా? ఫ్రిజ్ ముందు "మ్... ఇ... ల్... క్" అని కూడబలుక్కుంటే గాని గ్లాసులో పాలు పడవు. ఆకలి ఎటూ వేస్తుంది, చదువు అలా వస్తుందా!

క్లాసు టీచరమ్మ పెట్టిన నియమాలు రెండే. పిల్ల తడబడితే మాట అందించకూడదు. బొమ్మ అస్సలు చూడనివ్వకూడదు, చూస్తే మాట చదవకుండానే ఊహించేస్తారట. ఊహించడం ఎంత చెడ్డ అలవాటో మీకు వేరే చెప్పాలా? మావాడు పసుపు రంగు స్టిక్కర్ కాగితాలు కొనుక్కొచ్చి క్లాసులో ఇచ్చిన ఇంగ్లీషు కథల పుస్తకంలోని బొమ్మలన్నిటినీ కప్పేశాడు.

ఆ పుస్తకంలో ఒక ఏనుగుపిల్ల గోతిలో పడుతుంది. "ప్... ఇ... ట్" అని పిచ్చుక కూడబలుక్కుని, ఏనుగుపిల్ల గోతిలో పడేసరికి అన్నం వేళవుతుంది. మర్నాడు మళ్లీ మొదటి పేజీ. మళ్లీ గొయ్యి.

"నాన్నా, అది పైకొస్తుందా?" అని అడిగింది పిచ్చుక.

"ముందు సౌండ్స్ కలుపు తల్లీ" అన్నాడు మావాడు.

పిచ్చుక మెల్లగా నా దగ్గరికి చేరింది. "తాతయ్యా, నువ్వైనా చెప్పవూ? పాపం, దానికి ఆకలేస్తుంటుంది."

నోటిదాకా వచ్చింది. వంటింటి గుమ్మంలోంచి కోడలు చూసింది. నియమం నియమమే కదా, పేపరు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఆ సాయంత్రం పిచ్చుక తన బిస్కెట్టులో సగం విరిచి, పసుపు కాగితం ఎత్తి ఏనుగుపిల్ల దగ్గర పెట్టింది. తెల్లారేసరికి చీమలు పట్టాయి. మావాడు పుస్తకం దులిపి, కొత్త కాగితం అంటించి, పిల్లకు ఏకాగ్రత లేదని క్లాసు ఇంకో గంట పెంచాడు.

ఫలితం రాకుండా పోతుందా? నిన్న ఇంటికి చుట్టాలొచ్చారు. వాళ్ల ముందు పిచ్చుక ఆ పుస్తకాన్ని ఈ అట్టనుంచి ఆ అట్టదాకా గడగడా చదివేసింది. ఎక్కడా తడబడలేదు, మధ్యలో ఆగి ఏదీ అడగలేదు. మావాడు వీడియో తీశాడు. కోడలు కళ్లొత్తుకుంది. చుట్టాలు చప్పట్లు కొట్టి, తమ పిల్లల కోసం టీచరమ్మ నంబరు రాసుకున్నారు.

చూశారా, ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో! ప్రశ్నల్లేవు, నా ఒళ్లో పుస్తకం లేదు. హాయిగా ఉండాల్సింది పోయి, నాకే ఎందుకో ఏమీ తోచలేదు. చుట్టాలు వెళ్లాక పిచ్చుకను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"ఇంతకీ ఆ ఏనుగుపిల్ల గోతిలోంచి బయటికొచ్చిందా అమ్మా?"

పిచ్చుక నాకేసి జాలిగా చూసింది.

"నాకేం తెలుసు తాతయ్యా? నేను చదువుతున్నాను కదా."