ఎలుగు డైకోతైడు

ఏమర్రా మైథిలీ, భార్గవా, కార్బన్ డై ఆక్సైడు, సల్ఫర్ డై ఆక్సైడు అని పేర్లు రెండూ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి కదా. మరి అణువులు రెండూ ఒకేలా నిలబడతాయా? తెలీదా? అయితే వినండి.

ఒక పెద్ద అడవిలో పేర్ల కచేరి ఒకటి ఉండేది. దాని అధికారి కొంగ. జంతువులు తాళ్ళు పంచుకుని జట్టు కట్టినప్పుడల్లా ఆ జట్టుకు పేరు పెట్టి ముద్ర వేయడం ఆయన పని.

పద్ధతి సులువే. మెల్లగా లాగేవాడి పేరు ముందు. గట్టిగా లాగేవాడి పేరు వెనక, దానికి ‘ఐడు’ అని ఒక తోక. ఇద్దరుంటే డై, ముగ్గురుంటే ట్రై. ముందున్నవాడు ఒక్కడే అయితే ఒకటని చెప్పక్కర్లేదు. మనం రసాయనాలకు పెట్టుకునేదీ ఇలాగే.

ఆ అడవిలో సభలన్నీ బురదగుంట దగ్గరే జరిగేవి, గేదెలు లేచి రావు కనక. గుంట నడుమ ఒక గాడిద, దాని వీపు మీద ఒక పలక. అటొక కోతి, ఇటొక కోతి. తాడు గాడిదకూ కోతికీ ఉమ్మడే అయినా కోతులు తమవైపే లాక్కునేవి. ఇటెంత లాగితే అటూ అంతే, సరిగ్గా ఎదురెదురుగా. అందుకే గాడిద ఇసుమంతైనా ఒరిగేది కాదు. పలక మీద నిలబడి కొంగ ఉపన్యాసాలిచ్చేది. ఈ జట్టు పేరు గాడిద డైకోతైడు, మన కార్బన్ డై ఆక్సైడు లాగన్నమాట.

ఒకరోజు కబురొచ్చింది. ఏనుగు తనిఖీకి వస్తోందట, సభ నచ్చితే కొంగను పెద్దధికారిని చేస్తుందట.

సరిగ్గా అప్పుడే గాడిద, “అయ్యగారూ, పదేళ్ళుగా నిలబడే ఉన్నాను. ఒక పూట కూర్చోనివ్వండి” అంది.

కొంగకు ఒళ్ళు మండింది. “నువ్వు కాకపోతే ఇంకొకడు. దీన్ని తీసేసి ఎలుగుబంటిని పెట్టండి. ఎలుగు డైకోతైడు. మధ్యలో ఒకటి, పక్కన రెండు. లెక్క అదేగా.”

గుమస్తా ముంగిస నెత్తి గోక్కుంది. “కోతులు ఎటెటు నిలబడతాయో ఒకసారి చూస్తే బాగుంటుందేమోనండి.”

“ఆ గడి మన రిజిస్టర్లో ఉందా?”

“లేదండి.”

“లేనిదాన్ని ఎలా చూస్తావయ్యా?”

ఎలుగు వచ్చింది, చంకలో ఇప్పపువ్వు మూటతో సహా. కింద పెట్టమంటే గుర్రుమంది.

“మూట కూడా రాసుకోమంటారా?” అంది ముంగిస.

“పంచుకోనిది పేరులోకి రాదు. పద పద.”

సల్ఫర్ దగ్గరా అలాంటి మూటే ఉంటుందర్రా, ఆక్సిజన్లతో పంచుకోని ఎలక్ట్రాన్ల జంట. పేరులో కనబడదు గాని, చోటు మాత్రం ఆక్రమిస్తుంది.

ఎలుగు తన మూట ఛాయలకు రాకుండా కోతులు రెండింటినీ తోసేసింది. పాపం, అవి అవతలి వైపుకు జరిగి కాస్త ఎడంగా నిలబడ్డాయి.

ఏనుగు వచ్చి గట్టు మీద కూర్చుంది. కొంగ పలకెక్కి, “ఊఁ, లాగండి” అంది దర్జాగా.

రెండు కోతులూ ఒకే వైపు లాగాయి. ఎలుగు అటే ఒరిగింది. పలక జారింది. కొంగ ముక్కు దాకా బురదలో దిగబడింది. “రండి, లోపల చల్లగా ఉంటుంది” అంటూ ఒక గేదె పక్కకు జరిగింది.

“పేరు తప్పు పెట్టావా?” అంది ఏనుగు.

“లేదండి. కావాలంటే లెక్క చూసుకోండి, కోతులు రెండే” అంది కొంగ బురద ఉమ్ముతూ.

ఏనుగు లెక్కపెట్టింది. రెండే. “మరి ఎటున్నాయో చూసుకోలేదా?”

“గడి లేదండి.”

“అయితే గీయి.”

గాడిదను మళ్ళీ పిలిచారు. “కూర్చునే చేస్తాను, ఇష్టమైతేనే” అంది. సరేనన్నారు. కూర్చున్నా ఒరగలేదు. కోతులు అటొకటీ ఇటొకటీ ఉన్నాయి మరి.

కొంగ రిజిస్టర్ తెరిచి, ‘కోతులు ఎటు?’ అని కొత్త గడి గీసింది. అందులో గుండ్రని దస్తూరీతో ‘రెండు’ అని రాసింది.

అది చదివి, కొంగను పెద్దధికారిని చేద్దామని తెచ్చిన ఉత్తర్వును ఏనుగు చెరుకుగడతో కలిపి నమిలేసింది.

నీతి: ఎంతమంది ఉన్నారో పేరులో చదువుకోవచ్చు, ఎటు లాగుతున్నారో మాత్రం బురదలో పడ్డాకే తెలుసుకోవడం మర్యాద.

ఇక లేవండర్రా. గోంగూర సగమే వలిచాను, మిగతాది కానిచ్చుకోవాలి.