తొమ్మిదో వారం దోమ

వరికి నీరెంత అవసరమో రైతుకు శిక్షణ అంతకన్నా అవసరమని, నీళ్లు వదలడంతో సంబంధం లేని ఒక శాఖ ఏనాడో తేల్చేసింది. అందుకే బరగఢ్ కాలువ కింది పల్లెలో పన్నెండు మంగళవారాల వరిబడి పెట్టారు. వారానికో పాఠం. నాలుగో వారం నేల, ఆరో వారం నీరు, తొమ్మిదో వారం పురుగులు. (పురుగులను ఎవరూ సంప్రదించలేదు.)

ఈ బడిలో మొదటి వరుస విద్యార్థి త్రిలోచన ప్రధాన్. రెండెకరాల ఆసామి. జీవితంలో ఎన్నడూ బడి మెట్లెక్కనివాడు కాబట్టి, చివర్లో ఇచ్చే ప్రశంసాపత్రం మీద ప్రాణం పెట్టుకున్నాడు.

అయిదో వారం అతని మడిలో సుడిదోమ దిగింది. పైరు చాపంత మేర గుండ్రంగా ఎండిపోయింది. ఒక దుబ్బు పీకి, భుజం మీది గమ్ఛా తువ్వాలులో చుట్టుకుని బడికి పట్టుకెళ్లాడు. విస్తరణాధికారి దేవవ్రత మిశ్రా దాన్ని తిప్పి తిప్పి చూసి మెచ్చుకున్నాడు.

"సుడిదోమేనయ్యా, బాగా పట్టావు. కానీ ఇది తొమ్మిదో వారానిది."

"ఆ సంగతి దోమకి తెలీదు కదా సార్."

"అందుకేగా శిక్షణ నీకిస్తున్నాం."

అత్యవసరమైతే పాఠాన్ని ముందుకు జరపడానికి దరఖాస్తు ఉంది. దాన్ని నెలాఖరు సమావేశంలో పరిశీలిస్తారు. త్రిలోచన వేలిముద్ర వేసి వచ్చాడు.

ఇంట్లో భార్య సేవతి ఊరుకోలేదు. కొత్త పంటను అమ్మవారికి పెట్టే నువాఖాయి పండుగ దగ్గర పడుతోంది, సొంత చేలో కొత్త వరి వెన్ను లేకుండా అమ్మవారి ముందు ఏ మొహంతో నిలబడాలని నిలదీసింది.

"మా నాయనైతే ఈపాటికి గట్టు తెంపి మడిలో నీళ్లు తీసేసేవాడు. ఆయనే బడికీ పోలేదు."

"అందుకే ఆయన దగ్గర పత్రం లేదు" అన్నాడు త్రిలోచన. నీళ్లు తీసే విధానం ఆరో వారం. నేర్పకముందే చేస్తే సొంత పద్ధతి కింద రాసుకుని బడిలోంచి పేరు కొట్టేస్తారని అతని భయం. ఆరో వారం మిశ్రా సెలవు పెట్టాడు, ఆ పాఠం జరగనే లేదు. బడి ముఖం చూడని పక్కచేను ఉద్ధవుడు మాత్రం త్రిలోచన మామగారి పద్ధతిలోనే గట్టు తెంపి, గాలి ఆడేలా పైరు పాయలు తీసి, హాయిగా నిద్రపోయాడు.

తొమ్మిదో వారం పాఠం అద్భుతంగా సాగింది. రంగు బొమ్మలు చూపాక అందరినీ ప్రత్యక్ష ఉదాహరణకు తీసుకెళ్లారు. అది త్రిలోచన చేనే. ఎండిన దుబ్బుల మధ్య అతణ్ణి నిలబెట్టి ఫొటో తీశారు. నువాఖాయికి సేవతి ఉద్ధవుడి ఇంటికెళ్లి రెండు వెన్నులు అడిగి తెచ్చుకుంది. దారిపొడవునా తలెత్తలేదు.

పన్నెండో వారం పత్రం చేతిలో పెట్టి, శిక్షణ ఫలించిందో లేదో అడిగి రాసుకున్నారు.

"ఇప్పుడు చేలో దోమ ఉందా ప్రధాన్?"

"లేదు సార్."

"ఎంత తగ్గింది? నూటికి చెప్పు."

"నూటికి నూరు సార్. తినడానికి ఇంకేం మిగల్లేదుగా."

కాగితంలో అంకెకే చోటుంది. నూరని వేసుకున్నారు.