పిన్ను తీసేసిన పారాచూట్

ఆ ఉదయం దర్జీ ఇంట్లో వేసుకున్న పథకం చాలా చిన్నది. పారాచూట్‌ని మడత విప్పకుండా పైపైన ఇస్త్రీ చేయాలి, ఆవిష్కరించబోయే శిలాఫలకానికి పరదా కుట్టాలి, రెండింటినీ ఉత్సవం జరిగే వీధి చివరి షెడ్డుకి చేర్చాలి. అంతే. ఉత్సవ కమిటీ కార్యదర్శి పదవిని ఏరికోరి నెత్తికెత్తుకున్న దర్జీ భార్య అయితే, "ఇదెంత, చిటికెలో పని!" అని కూడా అనేసింది. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఆ షెడ్డులో ఒకప్పుడు ఈ వీధి ఆడవాళ్ళు పారాచూట్లు కుట్టారు. మామూలువి కావు. అంతరిక్షం నుంచి తిరిగొచ్చే నౌకల్ని మెల్లగా నేలకి దించేవి. దర్జీ తల్లి వాళ్ళలో ఒకతె. తోటివాళ్ళంతా ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఇక మిగిలింది ఆవిడా, పైకి వెళ్ళే యోగం లేక మూలనపడి చివరికి ఆవిడకి బహుమతిగా దక్కిన చిన్న పారాచూటూ. ఆవిడ ఆ కబుర్లు చెబితే వీధిలోవాళ్ళు "అవునవును పెద్దమ్మా" అని తలలూపి, మలుపు తిరగ్గానే నవ్వుకునేవారు. పురపాలక సంఘం అధ్యక్షుడైతే ఆ షెడ్డులో జెండాలు కుట్టేవారని మొన్నమొన్నటిదాకా అనుకున్నాడు. అది తలుచుకుంటే ఆవిడకి కడుపు రగిలిపోయేది.

"ఇవాళ అందరూ చూస్తారే అమ్మాయ్," అంది కోడలితో. "చూస్తేనన్నా నమ్ముతారు. నేను పోయాక నమ్మితే ఎంత, నమ్మకపోతే ఎంత? నేనుండగానే నమ్మాలి."

"నమ్మక చస్తారా అత్తయ్యా! అద్దాల పెట్టెలో పెట్టి మరీ చూపిస్తాం," అని హామీ ఇచ్చి, కోడలు కుర్చీలు వేయించడానికి పరుగెత్తింది.

దర్జీ కొట్లో ఒక పద్ధతుంది. బల్ల మీది గుడ్డకి పిన్ను గుచ్చి ఉంటే కుట్టాలి, లేకపోతే ఇస్త్రీ చేయాలి. అడగడాలు, చెప్పడాలు ఉండవు. ఆ ప్రకారమే భార్య వెళ్ళేముందు పరదా గుడ్డకి పిన్ను గుచ్చి, పక్కనే అత్తగారు సంచిలోంచి తీసిచ్చిన పారాచూట్‌ని పెట్టింది. రెండూ నారింజ రంగే. పారాచూట్‌కి నప్పాలని కమిటీ పోట్లాడుకుని మరీ పరదాకి ఎంచిన రంగు.

పెద్దావిడ తన పారాచూట్‌ని ఇంకోసారి చూసుకుందామని వచ్చి, పిన్నుని చూసింది. షెడ్డులో పిన్నంటే పాముతో సమానం. ఒక్కటి మడతల్లో ఉండిపోయిందా, పైనుంచి దిగేవాళ్ళ ప్రాణాలకే ముప్పు. "పారాచూట్ పక్కన పిన్నా! ఈ ఇంట్లో ఎవరికైనా బుద్ధుందా?" అని దాన్ని పీకి, బల్ల మీద పడేసి, తయారవడానికి లోపలికి వెళ్ళిపోయింది.

దర్జీ టీ తాగి వచ్చేసరికి పిన్ను బల్ల మీద విడిగా పడి ఉంది. ఊడిపోయిందనుకుని దగ్గరున్న గుడ్డకి గుచ్చాడు. అది పారాచూట్. పాపం, అతను దాన్ని ఎన్నడూ సంచి బయట చూసి ఎరగడు. "విప్పితే మళ్ళీ ఎవడు మడుస్తాడ్రా, నువ్వా?" అని తల్లి ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. కిందికి వేలాడుతున్న తాళ్ళని చూసి అనుమానం రాకపోలేదు. "పరదాకి ఇన్ని తాళ్ళా! కమిటీ అన్నాక అంతే," అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. మడత విప్పకుండానే పై అంచుకి వదులుగా కచ్చాకుట్టు వేసి కర్ర దూర్చాడు. తాళ్ళన్నీ కలిపి ముడేశాడు. షెడ్డు మనిషి వచ్చి దాన్ని పట్టుకెళ్ళి, షెడ్డు బయట ఆ ఆడవాళ్ళ గుర్తుగా నిలిపిన శిలాఫలకం మీద తగిలించేశాడు.

తర్వాత భార్య వచ్చి, మిగిలిన గుడ్డని చేతిలోకి తీసుకుంది.

"ఏమండీ, పారాచూట్ ఏదీ?"

"నీ చేతిలోదేగా!"

"ఇది పరదా గుడ్డండీ! తాళ్ళేవీ?"

"తాళ్ళా?" దర్జీ మొహంలో నెత్తురు చుక్క లేదు. "తాళ్ళున్నది... రాయి మీదుందే."

"కొంప ముంచారు! పరుగెత్తండి!"

పరుగెత్తాడు. అప్పటికే అధ్యక్షుడు వచ్చి రాయి పక్కన ఫొటోలు దిగుతున్నాడు. "అయ్యగారు లాగేదాకా ఎవరూ ముట్టుకోకూడదు," అని కాపలా మనిషి అడ్డం నిలబడ్డాడు. దర్జీ వెళ్ళినంత వేగంగానే తిరిగొచ్చాడు. ఇంతలో పెద్దావిడ ముస్తాబై వచ్చి, "పెట్టెలో పెట్టేశారా?" అంది.

"ఆఁ, పెట్టేశాం అత్తయ్యా!" అనేసింది కోడలు. అన్నాక పెట్టక తప్పుతుందా? పరదా గుడ్డనే పెట్టింది. రాయి ఆవిష్కరణ కాగానే గప్‌చుప్‌గా మార్చేద్దామని మొగుడూ పెళ్ళాం గుసగుసలాడుకున్నారు. పెద్దావిడని మాత్రం పెట్టెకి దూరంగా వేదిక మీద కూర్చోబెట్టారు.

షెడ్డులో సభ మొదలైంది. అధ్యక్షుడు ఉపన్యాసం మధ్యలో పెట్టె తెరిపించి, గుడ్డని రెండు వేళ్ళతో తడిమి కళ్ళు మూసుకున్నాడు. "ఆహా! ఈ స్పర్శే వేరు! భూమ్మీద దొరికే గుడ్డ కాదిది!"

ముందు వరసలోని బట్టల వ్యాపారి మెడ సాచి చూశాడు. "భూమ్మీదేంటండీ, మా కొట్లోనే దొరుకుతుంది! పరదాకని నిన్న నేనేగా ఇచ్చాను!"

షెడ్డంతా గొల్లుమంది. "నేను ముందే అనుకున్నా," అన్నాడొకడు. "పెద్దావిడ కబుర్లన్నీ ఇంతే," అన్నాడింకొకడు. ఆవిడ వేదిక దిగి, జనాన్ని తోసుకుంటూ పెట్టె దగ్గరికి వచ్చింది. గుడ్డని చూసింది. "ఇది నాది కాదు," అంది. ఆ నవ్వుల్లో ఆవిడ గొంతు ఎవరికీ వినపడలేదు. కొడుక్కి మాత్రం వినపడింది. ఆ మొహం చూశాక అతనికి ప్రాణం చివుక్కుమంది.

"తప్పంతా నాదండీ!" అని అరిచాడు. "అమ్మది పెట్టెలో లేదు, రాయి మీదుంది! నేనే పరదా అనుకుని కుట్టేశాను!"

జనం ఇంకా ఎక్కువ నవ్వారు. "పరదాని పారాచూట్ అంటారు, పారాచూట్‌ని పరదా అంటారు! మీ ఇంట్లో ముందు అదేదో తేల్చుకోండయ్యా!" అన్నాడు వ్యాపారి.

"సరే సరే, ముందు రాయి సంగతి కానిద్దాం," అంటూ అధ్యక్షుడు ఆరుబయటికి నడిచాడు. రాయి ముందు నిలబడి, సగంలో ఆగిన ఉపన్యాసాన్ని అందుకుని, తాళ్ళ ముడిని చేతికి చుట్టుకుని ఒక్క లాగు లాగాడు. కచ్చాకుట్టు పర్రుమని ఊడింది. సరిగ్గా అప్పుడే షెడ్డు మూల నుంచి ఒక విసురు గాలి వచ్చింది.

మడతలన్నీ విచ్చుకున్నాయి. టప్పుమన్న చప్పుడుతో నారింజ రంగు గొడుగొకటి జనం నెత్తిన నిండుగా తెరుచుకుంది. అధ్యక్షుడు రెండడుగులు నడిచాడు, నాలుగడుగులు ఉరికాడు, ఆ తర్వాత కాళ్ళతో పని లేకుండానే ముందుకు సాగాడు.

"పట్టుకోండి! ఎవరైనా పట్టుకోండి!" అన్నాడాయన.

"వదలకండి!" అని అరుస్తూ పెద్దావిడ వెనకే పరుగెత్తింది. "ఏం కాదు, అది తెగదు! నేను కుట్టిందది!"

నిజంగానే తెగలేదు. కొడుకు వేసిన కుట్టు తప్ప ఒక్క పోగు కదలలేదు. గాలి తగ్గాక అది పూలమొక్కల మీద మెల్లగా వాలింది. నవ్వినవాళ్ళే ముందు చప్పట్లు కొట్టారు. బట్టల వ్యాపారి వచ్చి అంచు పట్టుకుని చూసి, "పెద్దమ్మా, ఇది మా కొట్టుది కాదు," అన్నాడు చేతులు జోడించి. ఆవిడ ఏడుస్తోందో నవ్వుతోందో ఆవిడకే తెలియలేదు. "తెరుచుకుందిరా!" అంది కొడుకు భుజం పట్టుకుని. "మా వాళ్ళంతా ఉండుంటే ఎంత మురిసిపోయేవాళ్ళో! చూశారుగా అందరూ?"

"చూశాం పెద్దమ్మా," అన్నారు అందరూ. ఈసారి ఎవరూ మలుపు తిరిగి నవ్వలేదు.

ఉపన్యాసంలో మిగిలిన భాగాన్ని అధ్యక్షుడు పూలమొక్కల్లోంచే పూర్తి చేశాడు.